చిన్న కుక్కల ఆదివారం కలయిక: మొదటి మెసేజ్ నుంచి మర్నాటి కబురు దాకా

పగ్, షిట్జూ, పొమేరియన్, లాసా ఆప్సో, డాష్‌హండ్, చివావా. పది కిలోలు దాటని ఇలాంటి కుక్కల్ని పెంచేవాళ్లు ఒకే కాలనీలో ఐదారు ఇళ్లవాళ్లుంటే చాలు, నెలకోసారి కలవొచ్చు. కుక్కలకు ఆట, మనకు కబుర్లు. అయితే పద్ధతి లేకుండా కలిస్తే ఒక కుక్క దగ్గు వారం తిరిగేసరికి ఆరిళ్లకు పాకుతుంది. అందుకే ముద్దు ఫొటోలకన్నా ముందు ఆరోగ్యం కబురు రావాలి. ఆ కబురు దాపరికం లేకుండా వస్తుంటే మిగతా సరదా ఎవరూ తోయకుండానే నడుస్తుంది.

ఎన్ని కుక్కలు, ఏ సైజువి

మొదటిసారి నాలుగు, అలవాటయ్యాక ఆరు. ఎనిమిది దాటితే ఏ కుక్క ఏం చేస్తోందో చూడటానికి మన కళ్లు చాలవు. కుక్కకు ఒక పెద్ద మనిషి తప్పనిసరి. రెండు కుక్కలున్న ఇంటినుంచి ఇద్దరు రావాలి. పిల్లల చేతికి పట్టీ ఇచ్చి పెద్దవాళ్లు కబుర్లలో పడిపోవడమే చాలా గొడవలకు మొదలు.

బరువుల తేడా జాగ్రత్తగా చూసుకోండి. రెండు కిలోల చివావా, పన్నెండు కిలోల బీగిల్ ఎంత మంచివైనా ఒకే ఆటకు పనికిరావు. బీగిల్ సరదాగా వేసిన పంజా దెబ్బకే చివావా కాలు విరగొచ్చు. చిన్నది కీచుమని పరుగెత్తితే పెద్దదానికి అది ఆడుకునే తోడులా కాక వేటలా కనిపించే ప్రమాదమూ ఉంది. ఒకటి ఇంకోదానికి రెట్టింపు కన్నా బరువుంటే రెండు గుంపులు చేయడం మేలు.

ఇంకో మాట. మన ఊళ్లలో పొమేరియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పొమేరియన్ మూడు కిలోలు కాస్త దాటితే ఎక్కువ, స్పిట్జ్ అయితే ఐదు నుంచి ఏడు కిలోలు మామూలే. ఈ తేడా తెలియక ఏడు కిలోల ఆరోగ్యమైన స్పిట్జ్‌కు తిండి తగ్గించేవాళ్లున్నారు. గ్రూపులో బరువులు పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

గ్రూపులో కబురు పెట్టే తీరు

వాట్సాప్‌లో రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి ముచ్చట్లకు, రెండోది ఆరోగ్యం, కలయిక సమాచారానికి మాత్రమే. రెండూ కలిపేస్తే నలభై గుడ్‌మార్నింగ్ ఫొటోల కింద "మా వాడికి విరేచనాలు" అన్న మెసేజ్ పూడిపోతుంది, చూడాల్సినవాళ్లు చూడరు.

"బుజ్జికి ఒంట్లో బాలేదు, ఏం చేయాలి?" అని అడిగితే జాలి తప్ప జవాబు దొరకదు. ఇలా పెట్టండి: "అక్కా, బుజ్జి, ఆడ షిట్జూ, నాలుగేళ్లు, 5.2 కిలోలు. నిన్న రాత్రి తొమ్మిది నుంచి మూడుసార్లు వాంతి, పసుపు నీళ్లు. మధ్యాహ్నం పెరుగన్నం తింది. నీళ్లు తాగుతోంది. విరేచనాలు లేవు. పోయిన ఆదివారం అందరితో ఆడింది." చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని చూసి మిగతావాళ్లు తమ కుక్కల్ని ఓ కంట కనిపెడతారు. ఈ మెసేజ్‌నే పశువైద్యుడికి చూపిస్తే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

మాటలకన్నా వీడియో మేలు. చిన్న కుక్కలు ఉన్నట్టుండి మెడ చాచి, ముక్కుతో గాలి లోపలికి లాగుతూ గురగురమంటాయి. అది తిరగబడ్డ తుమ్ము. చూసేవాళ్లకు ఊపిరి ఆడట్లేదేమో అని భయం వేస్తుంది, కానీ ఎక్కువసార్లు అర నిమిషం, నిమిషంలో దానంతట అదే తగ్గుతుంది. బాతు కూసినట్టుండే పొడిదగ్గు వేరు. అది శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం కావచ్చు, పొమేరియన్, చివావాల్లో తరచుగా కనిపించేదే. మాటల్లో చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. పక్కనుంచి, ఛాతీ, మూతి రెండూ కనిపించేలా, టీవీ కట్టేసి, ఇరవై సెకన్లు తీసిన వీడియోలో తేడా తెలిసిపోతుంది.

అలాగే నెలకోసారి గాఢనిద్రలో శ్వాస లెక్కపెట్టి గ్రూపులో రాయడం మంచి అలవాటు. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. నిమిషానికి ముప్పై లోపు ఉంటే బెంగలేదు. వరసగా రెండు మూడు రోజులు ముప్పై దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వయసు మళ్లిన చిన్న జాతి కుక్కల్లో గుండె కవాటం జబ్బు ఎక్కువ, దాని తొలి గుర్తు చాలాసార్లు ఇదే. కల కంటూ కాళ్లు ఆడిస్తున్నప్పుడు లెక్కపెడితే మాత్రం తప్పు అంకె వస్తుంది.

గ్రూపులో గట్టిగా ఆపాల్సింది మందుల దానం. "మా వాడికి ఇది వేశాం, తగ్గింది, మీరూ వేయండి" అన్న మాట చిన్న కుక్కల విషయంలో మరీ ప్రమాదం. మనుషుల ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కుక్కలకు విషంగా మారతాయి. మూడు కిలోల శరీరానికి అర మాత్ర కూడా చిన్న మోతాదు కాదు. పిడుదుల మందు కూడా అంతే. వీపు మీద వేసే ట్యూబులు బరువును బట్టి వస్తాయి. పెద్ద కుక్క ట్యూబు కొని సగం సగం పంచుకోకూడదు. డాక్టర్ పేరు, ఆసుపత్రి వేళలు, రాత్రి ఎవరు దొరుకుతారన్న వివరం పంచుకోండి. మందు చీటీ మాత్రం వద్దు.

ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు

కలయికకు వారం ముందు ప్రతి ఒక్కరూ టీకా పుస్తకంలో చివరి పేజీ ఫొటో పెట్టాలి. చూడాల్సినవి రెండు: రేబిస్ టీకా గడువు, 7 ఇన్ 1 లేదా 9 ఇన్ 1 అని పిలిచే టీకా గడువు. కుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బులైన పార్వో, డిస్టెంపర్‌ల నుంచి కాపాడేది ఈ రెండోదే. కుక్కపిల్లల కోర్సు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకోసారి సాగి, పదహారో వారం దగ్గర ముగుస్తుంది. చివరి సూది పడ్డాక రెండు వారాలు ఆగి అప్పుడు తీసుకురండి. "ఒక్కసారి ఎత్తుకుని చూపిస్తాం" అని పది వారాల పిల్లను తెచ్చేవాళ్లుంటారు. ముద్దుగానే ఉంటుంది, కానీ పార్వో నేలలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకు అంటుకుని కూడా వస్తుంది.

గడిచిన రెండు వారాల్లో దగ్గు, వాంతులు, విరేచనాలు ఉన్న కుక్క రాకూడదు. ఇప్పుడు బాగానే ఉన్నా సరే. ఎదకు వచ్చిన ఆడకుక్కను మొదటి రక్తపు చుక్క కనిపించిన రోజు నుంచి కనీసం నాలుగు వారాలు ఇంట్లోనే ఉంచాలి. లేకపోతే మగవాటి మధ్య పోట్లాట, ఆపైన అనుకోని చూలు. ఒంటి మీద పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లంటారు, కనిపిస్తే అవి పూర్తిగా పోయేదాకా ఆగాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వెతకండి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మన వాతావరణంలో అది కొత్తేమీ కాదు.

రాలేనివాళ్లను నిష్టూరమాడకండి. దగ్గుందని నిజం చెప్పి ఆగిపోయినవాళ్లకు "థాంక్స్ అన్నా" అని అందరికీ కనిపించేలా గ్రూపులోనే చెప్పాలి. ఒక్కసారి ఎవరినైనా నొప్పించారా, రెండోసారి దగ్గు సంగతి మీకు చెప్పరు.

చోటు, వేళ

కంచె ఉన్న చోటే ఎంచుకోండి. సీతాఫల్‌మండీలోనైనా సీతమ్మధారలోనైనా అపార్ట్‌మెంట్ సెల్లార్, పిట్టగోడ ఎత్తుగా ఉన్న మేడ, ఎవరిదైనా ఇంటి పెరడు సరిపోతాయి. గేటు కింద సందు చూసుకోండి. నాలుగంగుళాలుంటే చివావా దూరిపోతుంది. అట్టముక్కలు అడ్డం పెట్టండి. హైదరాబాద్‌వాళ్లకు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ ఉంది, దాదాపు 1.3 ఎకరాలు. వెళ్లేముందు వేళలు, నిబంధనలు కనుక్కోండి.

అపార్ట్‌మెంట్ ఉమ్మడి స్థలమైతే అసోసియేషన్‌కు ముందే చెప్పడం మర్యాద. కుక్కల్ని పెంచకూడదనో, లిఫ్టు ఎక్కించకూడదనో అసోసియేషన్లు నిషేధం పెట్టడం కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని ఆ కాగితం పట్టుకుని వాదనకు దిగితే గెలిచినా పక్కింటివాళ్లతో మాటలు పోతాయి. శుభ్రం చేసి వెళ్తామని చెప్పి, నిజంగా చేసి వెళ్తే ఆ కాగితంతో పనే రాదు.

వేళ విషయంలో మొహమాటం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగించాలి. చలికాలంలో ఏడున్నర నుంచి తొమ్మిది. పగ్, షిట్జూ వంటి చప్పిడిముక్కు జాతులు రొప్పడం ద్వారా వేడిని సరిగ్గా వదిలించుకోలేవు. విజయవాడ, విశాఖల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎండ లేకపోయినా రొప్పు సరిగ్గా పనిచేయదు. మబ్బుగా ఉంది కదా అని పదింటికి పెట్టుకోకూడదు. అరచేతి వెనక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్క నడవకూడదు. మొత్తం గంట, మహా అయితే గంటన్నర. ఆ తరువాత కుక్కలు అలసిపోతాయి. అలసిన కుక్క చంటిపిల్లాడిలాగే ఊరికే చిరాకుపడుతుంది.

కలిపే పద్ధతి

ఎవరి గిన్నె వాళ్లు, ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. అర లీటరు సీసా చాలు. మెడపట్టీ కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి, మెడ లాగితే శ్వాసనాళం దెబ్బతింటుంది. లాగితే సాగే పట్టీలు ఇంట్లోనే వదిలేయండి, ఆ సన్నతాడు ఇంకో కుక్క కాలికి చుట్టుకుని కోస్తుంది. బంతులు, బొమ్మలు మొదటి రెండు మూడు కలయికలకు తేవద్దు. ఒక మందపాటి తువ్వాలు, మలం ఎత్తడానికి పాత న్యూస్‌పేపర్లు, ఒక చెత్త కవరు ఉమ్మడిగా ఉంచండి.

1. అందరూ ఒకేసారి లోపలికి రావద్దు. ఒకరు వచ్చిన రెండు మూడు నిమిషాలకు ఇంకొకరు. గేటు దగ్గర గుంపు కట్టకూడదు, ఎక్కువ కరుచుకునేది అక్కడే.

2. మొదటి రెండు కుక్కల్ని మూడు మీటర్ల ఎడంలో, ఒకే దిక్కుకు, పట్టీతో ఐదు నిమిషాలు నడిపించండి. ఎదురెదురుగా తేవద్దు. ముఖాముఖి నడిచి రావడం కుక్కల మర్యాద కాదు.

3. రెండూ నేల వాసన చూస్తూ తీరుబడిగా ఉంటే దగ్గరికి రానివ్వండి. పట్టీ వదులుగా ఉండాలి. మూడు సెకన్లు వాసన చూశాక పేరుతో పిలిచి పక్కకు తీసుకెళ్లండి. ఇలా మూడుసార్లు. పట్టీ బిగపట్టి ఆపితే ఆ బిగువు కుక్క ఒంట్లోకి పాకుతుంది.

4. బాగుంటే పట్టీ నేల మీద వదిలేయండి, విప్పకండి. పది నిమిషాలు చూశాక విప్పొచ్చు. మూడో కుక్కకు మళ్లీ మొదటినుంచి.

5. ఒకటి తరుముతోంది, ఇంకోటి పారిపోతోంది, అది ఆటో కాదో తెలియట్లేదు. తరిమేదాన్ని పట్టుకోండి. పారిపోయేది తిరిగి వచ్చి కవ్విస్తే ఆట. వెళ్లి కుర్చీ కింద దూరితే ఆట కాదు. ఆ కుక్కకు అక్కడితో సెలవు.

6. ఇరవై నిమిషాలకోసారి అందరూ తమ కుక్కల్ని పిలిచి, ఐదు నిమిషాలు నీళ్లు, నీడ.

ఊరికే ఆవులించడం, పెదాలు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు అంచు కనిపించేలా ఓరగా చూడటం, ఉన్నచోటే కొయ్యబారిపోవడం గమనించండి. ఇవి గుర్రుమనడానికన్నా ముందు వచ్చే హెచ్చరికలు. భయపడ్డ కుక్కను చటుక్కున చంకనెత్తుకుంటే మిగతావి మీ మీదికి ఎగురుతాయి. ముందు మీరు మధ్యలోకి వచ్చి నిలబడి, వాటికి వీపు తిప్పి, అప్పుడు వంగి ఎత్తుకోండి. డాష్‌హండ్‌ను ఎప్పుడూ రెండు చేతులతో, ఒకటి ఛాతీ కింద, ఇంకోటి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. ముందు కాళ్లు పట్టుకుని లేపితే ఆ పొడవాటి వెన్ను మీద భారమంతా పడుతుంది.

తూకం

నెలనెలా తూకం వేయడం ఈ కలయికలో సరదాగా సాగే పని, పనికొచ్చేది కూడా. మూడు కిలోల కుక్క మూడొందల గ్రాములు పెరిగిందంటే డెబ్బై కిలోల మనిషి ఏడు కిలోలు పెరిగినట్టు. మనం కుక్కను ఎత్తుకుని తూకం ఎక్కి మన బరువు తీసేసే పద్ధతిలో ఇంత చిన్న తేడా పట్టుబడదు. పసిపిల్లల తూకం యంత్రం పది గ్రాముల దాకా చూపిస్తుంది, అందరూ కలిసి ఒకటి కొనుక్కోండి. గట్టి నేల మీద పెట్టి, పైన జారని చాప పరిచి, అంకెను సున్నాకు తెచ్చి, కుక్కను నిలబెట్టి అంకె స్థిరపడ్డాక రాసుకోవాలి. ప్రతిసారీ తిండికి ముందే. తూకంతోపాటు పక్కటెముకలు తడమండి. మన చేతి వెనక కణుపుల్లా సన్నని పొర కింద తగలాలి. పిండి ముద్దలా ఉంటే ఎక్కువైనట్టు, బిగించిన పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే తక్కువైనట్టు.

పుట్టినరోజు తిండి

రోజు ఆహారంలో చిరుతిండి పదో వంతు దాటకూడదు. మూడు కిలోల కుక్కకు రోజుకు సుమారు 250 కేలరీలు కావాలి, అంటే చిరుతిండికి 25. ఒక ఉడికించిన కోడిగుడ్డులో డెబ్బై పైచిలుకు ఉంటాయి. "ఒక్క గుడ్డే కదా" అన్నది అక్కడ చెల్లదు.

కేకు బదులు బటన్ ఇడ్లీ పళ్లెంలో చేసే ముద్దలు బాగుంటాయి. ఎముకలు, చర్మం లేని చికెన్ ఖీమా 150 గ్రాములు, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ 100 గ్రాములు, పొడి చేసిన ఓట్స్ 40 గ్రాములు, ఒక గుడ్డు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా, వంటసోడా ఏదీ వద్దు. కలిపి పది నిమిషాలు నాననిస్తే ఓట్స్ తేమ పీల్చుకుని ముద్ద గట్టిపడుతుంది. అలా ఆగకపోతే ఉడికాక ముక్కలు విరిగిపోతాయి. పళ్లేనికి చుక్క కొబ్బరినూనె రాసి పదిహేను నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. ఒకటి విరిచి చూస్తే లోపల ఎర్రదనం ఉండకూడదు. ముప్పై దాకా వస్తాయి, ఒక్కోదానిలో సుమారు 14 కేలరీలు. మూడు కిలోల దానికి ఒకటి, ఆరు కిలోల దానికి మూడు. కోడిమాంసం పడని కుక్క ఉందేమో ముందే అడగండి. తినిపించేటప్పుడు ఒకదానికొకటి రెండు మీటర్ల ఎడం, అందరూ పట్టీలు వేసి. తిండి దగ్గర మంచితనం నమ్ముకోకూడదు.

మనుషుల తిండి ఎత్తులో పెట్టండి. పాయసంలో ఎండుద్రాక్ష, పిల్లల జేబుల్లో చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని జైలిటాల్, కూరలో ఉల్లిపాయ కుక్కలకు విషం. వేసవిలో మామిడి టెంక ఇంకో గండం. నాకుతూ నాకుతూ మింగేస్తాయి, చిన్న కుక్క పేగులో అది ఇరుక్కుంటే ఆపరేషనే.

ఫొటోలు

నిలబడి పైనుంచి తీస్తే పెద్ద తల, పొట్టి కాళ్లు వస్తాయి. నేల మీద కూర్చుని ఫోన్ కుక్క కంటి ఎత్తులో పెట్టండి. నల్ల పగ్‌ను నీడలో, ఆకాశం వైపు మొహం తిప్పి తీస్తేనే కళ్లు కనిపిస్తాయి. తెల్ల స్పిట్జ్‌ను తీసేటప్పుడు తెర మీద దాని ఒంటిని నొక్కి వెలుతురు కాస్త తగ్గించండి, లేకపోతే బొచ్చంతా సున్నం కొట్టినట్టు వస్తుంది. ఫ్లాష్ వద్దు. బయటికి పంపేముందు మెడబిళ్ల మీది ఫోన్ నంబరు, వెనకాల ఫ్లాట్ నంబరు చూసుకోండి. ఖరీదైన చిన్న కుక్కలకు దొంగల బెడద ఉంది.

ఏదైనా జరిగితే

ఆగకుండా రొప్పు, చిక్కటి చొంగ, నాలుక ముదురు ఎరుపు, తూలడం కనిపిస్తే వడదెబ్బ. ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రికి ప్రయాణం. మామూలు కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే నిలిచిపోతుంది. నోట్లో నీళ్లు బలవంతంగా పోయకండి.

పోట్లాటలో చేయి పెట్టొద్దు. తువ్వాలు విసిరి కప్పండి, లేదా మధ్యలో కుర్చీ తోయండి. పంటి గాటు పైకి చిన్న చిల్లులా కనిపించినా లోపల కండ చీలి ఉండొచ్చు, అదే రోజు చూపించాలి. షిట్జూ, పగ్‌ల కన్ను దెబ్బకు బయటికి వచ్చేస్తే లోపలికి నొక్కకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ ఆనించి వెంటనే ఆసుపత్రికి. ప్రతి నిమిషమూ లెక్కే.

చిన్న కుక్కపిల్ల ఆడి ఆడి ఉన్నట్టుండి తూలితే చక్కెర పడిపోయి ఉండొచ్చు. తేనె వేలితో చిగుళ్లకు రాసి, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

మనిషికి పన్ను దిగినా గోరు గీరినా సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్‌ను కలవాలి. కుక్కకు టీకా ఉందని ఊరుకోవద్దు.

వెళ్లేముందు, మర్నాడు

ఎక్కడైనా విరేచనం పడితే ముందు ఎత్తేసి, కడిగి, ఆ తరువాత ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు ముప్పై వంతులు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచి మళ్లీ కడగండి. కుక్కలు అప్పటికి దూరంగా ఉండాలి. ఫినాయిల్ వాసన వస్తుంది తప్ప పార్వో చావదు. ఇంటికెళ్లాక వేళ్ల సందులు, చెవులు మరోసారి చూసి, గంట ఆగి తిండి పెట్టండి.

మర్నాడు పొద్దున్న ఆరోగ్యం గ్రూపులో ఒక్కొక్కరూ ఒక్క వాక్యం రాయాలి: తిందా, మలం గట్టిగా ఉందా, కుంటుతోందా. చిన్న జాతుల్లో మోకాటి చిప్ప జారడం ఎక్కువ. నాలుగడుగులు వెనక కాలు ఎత్తి గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే దాని వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. ఇదే ప్రశ్న మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు మళ్లీ అడగాలి, ఎందుకంటే కుక్కల దగ్గు బయటపడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. పద్నాలుగో రోజు అందరి జవాబూ "బాగుంది" అని వచ్చాకే వచ్చే కలయిక తేదీ పెట్టుకోండి.